రెండో కంటి కార్డు

ఆవిడకు అమ్మానాన్నలు పెట్టిన పేరు ఒకటి ఉంది గానీ, ఆ కంటి ఆసుపత్రిలో దాన్ని వాడేది హాజరు పట్టీ ఒక్కటే. మిగతా అందరికీ ఆవిడ ఒకటిచాలమ్మ. ఎదురుపడితే "మేడమ్" అనేవాళ్ళే, ఆవిడ అటు తిరగ్గానే నర్సుల దగ్గర్నుంచి లిఫ్టు నడిపే ఆయన దాకా ఆ పేరే అనేవాళ్ళు. ఆవిడకీ తెలుసు. తెలిసి కోప్పడలేదు సరికదా, లోలోపల కాస్త మురిసిపోయేది కూడా.

పేరెలా వచ్చిందంటారా? ఇంట్లో గరిటెలు రెండుంటే "ఒకటి చాలు" అని రెండోది ఎవరికో ఇచ్చేసేది. గొడుగులు రెండుంటే ఒకటి, దువ్వెనలు రెండుంటే ఒకటి. జేబులో రెండు పెన్నులు పెట్టుకొచ్చిన డాక్టరు కనబడితే ఆవిడ చెయ్యి ఊరుకునేది కాదు. అలాంటి మనిషికి దొరికిన మొగుడెవరో చూడండి: రేడియోలూ ఫ్యాన్లూ బాగుచేసే మెకానిక్కు! ఆయన బతుకంతా విడిభాగాల మీద నడిచింది. ఏ వస్తువుకైనా జత లేకపోతే ఆయనకు తోచదు. ఆవిడ తీసి ముందు గుమ్మంలో పెట్టినవి ఆయన వెనక గుమ్మంలోంచి లోపలికి తెచ్చేసేవాడు. ముప్పయ్యేళ్ళ కాపురం ఇలాగే, ఒకరు తీసేస్తూ ఒకరు దాచేస్తూ, హాయిగానే సాగిపోయింది.

ఈ మధ్య వాళ్ళ తగువంతా ఒక తాళంచెవి మీద. వీధి తలుపు తాళానికి ఉన్నది ఒకటే చెవి. అది పోతే ఎలాగని మెకానిక్కు ఎక్కడో మారు చెవి చేయించుకొచ్చి, గుమ్మం పక్కన మేకుకు తగిలించాడు. తీరా చూస్తే అది సగం తిరిగి ఆగిపోతోంది.

"తిరగని చెవి ఎందుకండీ మేకుకి? అలంకారానికా?" అంది ఆవిడ.

"తిరుగుతుందోయ్. కాస్త బతిమాలాలి."

"తాళాల్ని బతిమాలే ఓపిక నాకు లేదు. ఒకటి చాలు."

"ఆ ఒక్కటీ పోతేనో?"

"నేనెప్పుడైనా ఏదైనా పోగొట్టానా?"

ఆయన చెవిని మేకు మీదే వదిలేశాడు. నిజమే మరి, అప్పటిదాకా ఆవిడ ఏదీ పోగొట్టిన మనిషి కాదు.

ఆసుపత్రిలో ఆవిడ ఏలిన రాజ్యం రికార్డుల గది. ఒక కిటికీ, రెండు బల్లలు, గోడ పొడుగునా ఇనుప సొరుగులు. సొరుగుల నిండా అట్ట కార్డులు. శుక్లాల ఆపరేషను రెండు కళ్ళకీ ఒకేసారి చెయ్యరు గదా. ఒకటి చేసి, అది కుదురుకున్నాక, కొన్ని నెలలకు రెండోదాని వంతు. అందుకని ఆ గదిలో కార్డు మనిషికి కాదు, కంటికి. కుడి కంటికి తెల్ల కార్డు, ఎడమ కంటికి నీలం కార్డు. పూర్వం రంగుతో పాటు కార్డు మీద "కుడి" అనో "ఎడమ" అనో రాసేవాళ్ళు కూడా. ఇరవయ్యేళ్ళ కిందట ఆవిడ ఆ గదిలో అడుగుపెట్టి, ఆ పద్ధతి చూసి ముక్కున వేలేసుకుంది. "రంగు కనబడుతూనే ఉందిగా, మళ్ళీ రాయడమెందుకు? ఒకటి చాలు" అంది. రాత పని తగ్గుతానంటే గుమస్తాలు వద్దంటారా! అలవాటు మానలేని ఒకరిద్దరు రాస్తూ పోయారు, మిగతావాళ్ళు మానేశారు. ఆ మార్పు తన పుణ్యమేనని ఆవిడ ఎన్నోసార్లు గొప్పగా చెప్పుకుంది.

కిందటేడు కార్డులన్నీ కంప్యూటర్లోకి ఎక్కించమని ఉత్తర్వు వచ్చింది. బయటినుంచి ఇద్దరు టైపిస్టులు వచ్చి, ఒకరు పొద్దున, ఒకరు మధ్యాహ్నం కూర్చుని టైపు చేసి వెళ్ళిపోయారు. ఒకరు కొట్టిన కట్టనే ఇంకొకరు మళ్ళీ కొట్టిన సందర్భాలు బోలెడు. అంతా కలిపి నాలుగువేల ఎనిమిది వందల పదహారు వరసలు తేలాయి. కార్డుల కట్టలు నేలమాళిగలోని స్టోరుగదికి దిగిపోయాయి. వరసలు శుభ్రం చేసే పని, ఇంకెవరికి, ఒకటిచాలమ్మకే పడింది.

నేర్పినవాడు కంప్యూటరు విభాగం పెద్దాయన. ఆయన్ని అందరూ ముక్తసరి సారు అంటారు. రోజుకు ఇన్ని మాటలని లెక్క పెట్టుకుని ఇంటి నుంచి తెచ్చుకుంటాడేమో అనిపిస్తుంది. యాభై నాలుగేళ్ళ వయసులో, జాబితాలు సరిచేసే క్వెరీ టూలు ముందు కూర్చోబెడితే ఆవిడ మొదట బెదిరింది. రెండు రోజుల్లో మాత్రం దాంతో ప్రేమలో పడిపోయింది. మనం చేసిన ప్రతి పనినీ అది పక్కన ఒక మెట్టుగా రాసిపెట్టుకుంటుంది. పేర్ల ముందు ఖాళీలు తీసెయ్యి, ఒక మెట్టు. తేదీలన్నీ ఒక తీరుకు తెచ్చెయ్యి, ఇంకో మెట్టు. ఇంత బుద్ధిగా చెప్పినమాట వినే జీవి ఆవిడకు ఇంట్లో గానీ ఆఫీసులో గానీ అంతవరకు తగల్లేదు.

డూప్లికేట్లు తీసేసే మీట ఒకటుందని తెలిసిన రోజున ఆవిడ మొహం చూడాలి! జన్మంతా చేత్తో చేసిన పని, ఒక్క నొక్కుడుతో! పేరు, పుట్టిన తేదీ, ఫోను నంబరు, ఈ మూడు కాలమ్‌లూ ఎంచుకుంది. మూడూ కలిస్తే మనిషి ఒకడే గదా! నొక్కింది. కలిసినవాటిలో మొదట కనబడ్డదాన్ని ఉంచి మిగతావి తీసేసింది టూలు. నాలుగు వేల నాలుగు వందల పదమూడు మిగిలాయి.

"నాలుగు వందల మూడండీ! ఒక్క దెబ్బకి పోయాయి!" అంది ఇంటికొచ్చి, చెప్పులైనా విప్పకుండా.

మెకానిక్కు ఫ్యాను రెక్క తుడుస్తూ, "అందులో పనికొచ్చేది ఒక్కటీ లేదూ?" అన్నాడు.

"మొదలెట్టారూ!"

సూపరింటెండెంటు డాక్టరమ్మ అందరి ముందూ ఆవిడను మెచ్చుకుంది. జాబితా ఆపరేషన్ల వంతులు రాసే బల్లకు వెళ్ళిపోయింది. శనివారం మధ్యాహ్నం రెండింటికి రాబోయే ఆరు నెలల వంతులు ఖాయం చేస్తారు. జాబితాలో ఉన్నవాళ్ళకు పిలుపు వస్తుంది. లేనివాళ్ళు మళ్ళీ ఆరు నెలల దాకా ఆగాల్సిందే.

గురువారం పొద్దున కిటికీ దగ్గరికి ఒక ముసలాయన, ఆయన వెనకే భార్య వచ్చారు.

"అమ్మా, నా రెండో కన్ను ఎప్పుడు పిలుస్తారో చూసి పెడతారా? కుడిది చేసి ఎనిమిది నెలలైంది. నా తోటివాళ్ళందరికీ, వస్తారా అని ఫోన్లు చేసి అడుగుతున్నారట. నన్నెవరూ అడగలేదు."

ఆవిడ పేరు అడిగి కొట్టింది. ఒకే ఒక వరస వచ్చింది. కుడి కన్ను, పూర్తయింది.

"మీది అయిపోయినట్టుందే బాబాయ్?"

"అయిపోతే నిన్న ఈ మనిషి టీ గ్లాసు బల్ల మీద అనుకుని గాల్లో పెట్టాడెందుకమ్మా?" అంది భార్య. "నా చీర మీద పడింది చూడు."

"చూపు లేక కాదమ్మా, లోతు అందట్లేదు" అన్నాడు ముసలాయన నొచ్చుకుంటూ. "నేను తాళంచెవులు చేస్తాను. ఆకురాయితో పళ్ళు అరగదీసేటప్పుడు వెంట్రుకంత తేడా వచ్చినా చెవి తిరగదు. ఒక కన్ను తేటగా, ఒక కన్ను మసగ్గా ఉంటే ఎంత గీశానో నాకే తెలియట్లేదు. చేసినవి చేసినట్టు వెనక్కొచ్చేస్తున్నాయి. నెలన్నరైంది కొట్టు మూసి."

"కొట్టెక్కడ బాబాయ్?"

"పోస్టాఫీసు మెట్ల పక్కన. పచ్చ తలుపు."

మెకానిక్కు మారు చెవి చేయించుకొచ్చింది ఆ పచ్చ తలుపు దగ్గరే. ఆవిడకు మేకు మీది చెవి గుర్తొచ్చింది. ఆపరేషన్ల బల్ల నుంచి పాత జాబితా తెప్పించి చూసింది. ముసలాయన పేరు అందులో రెండుసార్లు ఉంది. శుభ్రం చేసినదాంట్లో ఒకసారే. ఆవిడ తను ఎంచుకున్న కాలమ్‌లు గుర్తుచేసుకుంది. పేరు, పుట్టిన తేదీ, ఫోను. మూడూ కలుస్తాయి, ఎందుకు కలవవు? మనిషి ఒకడే. కళ్ళే రెండు.

"డూప్లికేటు అనుకుని కంప్యూటరు తీసేసింది బాబాయ్" అంది.

ముసలాయన నవ్వాడు. "జన్మంతా డూప్లికేట్లు చేసుకు బతికినవాణ్ణి తల్లీ. ఆఖరికి నన్నే డూప్లికేటు చేశారా?"

ఆవిడకు మాత్రం నవ్వు రాలేదు. "తీసేసింది కంప్యూటరు కాదు, నేను. తప్పు నాది. శనివారం లోపల మీ వరస మీకొచ్చేస్తుంది. రాకపోతే ఇక్కడికే వచ్చి నా మొహం మీద అడగండి" అంది.

వాళ్ళు వెళ్ళాక ఆవిడ కూర్చోలేదు. కూర్చుంటే లేవడానికి ధైర్యం చాలదని తెలుసు. నేరుగా సూపరింటెండెంటు గదిలోకి వెళ్ళి, నిలబడే చెప్పేసింది. మొన్న అంతమంది ముందు మీరు మెచ్చుకున్న పని తప్పండీ, రెండో కంటి కోసం ఎదురుచూస్తున్నవాళ్ళు ఎంతమందో అందులో కొట్టుకుపోయారు, చేసింది నేనే. డాక్టరమ్మ పెన్ను మూత పెట్టి, "శనివారం రెండింటికి సరైన జాబితా ఇవ్వగలరా?" అని అడిగింది. ఇస్తానంది ఆవిడ. ఎలాగో అప్పటికి తెలియదు.

ముక్తసరి సారు విని, "పోలేదు" అన్నాడు.

"ఏమిటి పోలేదు? నాలుగు వందల మూడు!"

"దాచింది. తుడవలేదు." పక్కనున్న మెట్లలో ఆఖరిదాని మీద చిన్న ఇంటూ గుర్తు నొక్కాడు. నాలుగువేల ఎనిమిది వందల పదహారూ తిరిగొచ్చి కూర్చున్నాయి. ఆవిడకు ఆ మనిషిని కావలించుకోవాలనిపించింది. ఆఫీసు గనక ఊరుకుంది.

కానీ తిరిగొచ్చినవాటితో పాటు అసలైన డూప్లికేట్లూ తిరిగొచ్చాయి. ఒకే కంటిని టైపిస్టులిద్దరూ చెరొకసారి కొట్టినవి. వాటిని అలాగే వదిలితే ఒకే కంటికి రెండుసార్లు పిలుపు వెళ్తుంది, ఇంకెవరి వంతో పోతుంది. తీసెయ్యాల్సిందే, కానీ షరతు మీద తీసెయ్యాలి. ఆవిడ ఒక కాగితం మీద తన మాటల్లో రాసింది. పేరు, తేదీ, ఫోను, కన్ను, నాలుగూ కలిస్తేనే ఒకటి. కలిసినవాటిలో ముందుగా నమోదైన తేదీ ఉన్నది ఉండాలి, వంతు లెక్క దాన్నిబట్టే గనక. ఒకే మనిషికి కన్ను రాసినది ఒకటి, కన్ను గడి ఖాళీగా ఉన్నది ఒకటి ఉంటే, ఖాళీది పోవాలి.

ముక్తసరి సారు మూడో షరతు దగ్గర ఆగాడు. "ఖాళీదా?"

"ఖాళీది దేనికండీ? ఒకటి చాలు."

ఆయన భుజాలెగరేసి మెట్లు కట్టాడు. తేదీల ప్రకారం పేర్చితే సరిపోదని, ఆ పేర్చినదాన్ని గట్టిగా పట్టుకోమని విడిగా చెప్పకపోతే తీసేసేటప్పుడు టూలు ఆ వరస మర్చిపోతుందని, తన లెక్కకు చాలా పొడుగైన వాక్యం ఒకటి చెప్పాడు. నొక్కారు. నాలుగువేల అయిదు వందల పదకొండు. తొంభై ఎనిమిది కళ్ళు వెనక్కొచ్చాయి.

"అమ్మయ్య!" అని, ముందుగా తాళాల బాబాయి పేరు కొట్టిందావిడ. ఒకటే వరస వచ్చింది.

మళ్ళీ కొట్టింది. ఒకటే. కుడి కన్ను, పూర్తయింది. ఓర్నాయనో, ఇదేం ఖర్మ! శుభ్రం చెయ్యని జాబితాలో వెతికితే రెండోది ఉంది. తేదీ ఉంది, ఫోనుంది. కన్ను గడి మాత్రం ఖాళీ. ఖాళీది పొమ్మంది గదా, పోయింది. ఒకే మనిషిని ఒకే చేత్తో రెండోసారి తీసేసింది ఆవిడ.

శుక్రవారం పొద్దున్నే స్టోరుగదికి దిగింది. దుమ్ము తుడుచుకుంటూ, కట్టలు విప్పుకుంటూ, బాబాయి కార్డు పట్టుకుంది. నీలం కార్డు. పేరు, తేదీ, ఫోను, అన్నీ గుండ్రటి అక్షరాల్లో, తన చేతిరాతే. కన్ను రాయలేదు. ఎందుకు రాస్తుంది? నీలం రంగు చెబుతోందిగా! టైపిస్టులు రాసి ఉన్నది కొట్టారు. రంగును ఏ మీటతో కొడతారు పాపం?

ఇరవయ్యేళ్ళుగా తన గొప్ప అని చెప్పుకున్న పద్ధతి అది. ఆవిడ అక్కడే ఒక కట్ట మీద కూలబడింది. ఎదురుగా వచ్చి అడగబట్టి ఈ ఒక్కడూ దొరికాడు. కిటికీ దగ్గరికొచ్చి అడగనివాళ్ళ మాటేమిటి? ఫోను కోసం ఇంట్లో కూర్చుని, రాకపోతే మన వంతు ఇంకా రాలేదు కాబోలు అనుకునేవాళ్ళ మాటేమిటి? ఆవిడకు ఏడుపొచ్చింది. కాసేపు ఏడ్చింది కూడా. తర్వాత కొంగుతో మొహం తుడుచుకుంటే దుమ్మంతా బుగ్గలకంటుకుంది. ఆ అవతారంతోనే పైకెక్కి, "మూడో షరతు మార్చాలండీ" అంది.

"ఎలా?"

"ఖాళీది ఒక్కటీ పోకూడదు. పక్కకు పెట్టి నాకు చూపించాలి. తీయాలో వద్దో కార్డు చూసి చెబుతాను."

ముక్తసరి సారు ఆవిడ బుగ్గల వంక చూసి, మార్చాడు. పక్కకు పెట్టినవి ఎనభై ఆరు తేలాయి. ఆయన ఆ జాబితా అచ్చు తీసుకుని, చొక్కా చేతులు మడుచుకుని, తనూ స్టోరుగదికి దిగాడు. ఆయన పేరు చదవడం, ఆవిడ కార్డు లాగడం. "నీలం." "తర్వాత." "నీలం." "తర్వాత." ఆయన స్వభావానికి అంతకంటే సరిపడే పని లోకంలో ఉండదు. మధ్యాహ్నం భోజనం డబ్బాలు కట్టల మీదే విప్పారు. సాయంత్రానికి యాభై రెండయ్యాయి. ప్రతి కార్డు మీదా ఆవిడ పెన్ను తీసి, ఇరవయ్యేళ్ళు ఆలస్యంగా, "ఎడమ" అని రాసింది.

ఆ సాయంత్రం ఇంటికెళ్ళి మేకు మీది చెవి వంక చాలాసేపు చూసింది. "ఒకటి చాలు" అనలేదు. మెకానిక్కు కంగారుపడ్డాడు. "ఏమోయ్, ఒంట్లో నలతగా ఉందా?"

శనివారం పొద్దున మిగతా ముప్పై నాలుగూ అయ్యాయి. ఎనభై ఆరింటిలో డెబ్బై నాలుగు నీలం, పన్నెండు తెల్లవి. ఆ పన్నెండూ నిజంగా రెండుసార్లు కొట్టినవే, వాటిని తీసేశారు. ఒంటి గంటా నలభైకి జాబితా సూపరింటెండెంటు బల్ల మీద ఉంది. నాలుగువేల అయిదు వందల ఎనభై అయిదు.

"అంటే తీసేసింది రెండు వందల ముప్పై ఒకటే" అంది డాక్టరమ్మ లెక్కచూసి. "మొన్న నాలుగు వందల మూడన్నారు."

"అవునండీ. ఇవి చూసి తీసినవి."

డాక్టరమ్మ సంతకం పెట్టింది. తాళాల బాబాయికి ముప్పై ఏడో వంతు వచ్చింది. ఫోను ఆవిడే చేసింది. అటునుంచి భార్య ఎత్తి, విషయం విని, "ఈలోగా నేను చీరలు ఎక్కువ ఉతక్కుండా చూడు తల్లీ, త్వరగా పిలిపించు" అంది.

రెండు నెలలు తిరిగాయి. ఒక ఆదివారం పొద్దున తలుపు తట్టిన చప్పుడైతే ఒకటిచాలమ్మ వెళ్ళి తీసింది. గుమ్మంలో తాళాల బాబాయి, చేతిలో రేకు పెట్టె, వెనకాల భార్య. పోస్టాఫీసు పక్కన కొట్టు తెరిచారట. మెకానిక్కు అటు వెళ్ళి పరామర్శించి, మాటల్లో మేకు మీది చెవి సంగతి చెప్పాడట.

"చెడగొట్టింది నా చెయ్యే. బాగుచెయ్యాల్సింది కూడా అదే" అన్నాడు ముసలాయన.

ఆయన గుమ్మం మీదే కూర్చున్నాడు. అసలు చెవి పక్కన కొత్త రేకు బిగించి, ఆకురాయితో రెండు గీతలు గీసి, వెలుతురుకు ఎత్తి పట్టి, అలవాటు కొద్దీ ఎడమ కన్ను మూశాడు.

"రెండూ తెరిచి చూడవయ్యా! అంత తిప్పలు పడి బాగుచేయించుకుంది మూసుకోడానికా?" అని కసిరింది భార్య.

ముసలాయన సిగ్గుపడి రెండో కన్ను తెరిచాడు. మళ్ళీ గీశాడు. ఊదాడు. వేలితో తడిమాడు. లేచి తాళంలో పెట్టి తిప్పాడు. ఎవరూ బతిమాలకుండానే, ఒక్క తిప్పుకి, తాళం తెరుచుకుంది. మెకానిక్కు నమ్మలేక తనూ తిప్పాడు. ఆవిడా తిప్పింది. మళ్ళీ ఇంకోసారి తిప్పింది. కళ్ళలో నీళ్ళు తిరుగుతుంటే తలుపు వైపు మొహం పెట్టుకుని నిలబడింది.

"రేకు ఇంకొకటుంది. మరోటి చెయ్యనా అమ్మా, వద్దా?" అన్నాడు ముసలాయన పెట్టె సర్దుతూ.

మెకానిక్కు భార్య నోటి వంక చూశాడు. ముప్పయ్యేళ్ళుగా వింటున్న మాటే గదా, రానీ అన్నట్టు చూశాడు.

"చెయ్యండి బాబాయ్" అంది ఒకటిచాలమ్మ. "ఒకటి చాలదు."

మెకానిక్కు ఇంకో మేకు కోసం లోపలికి పరిగెత్తాడు. ఆయన దగ్గర రెండున్నాయి.